ఏది లెక్కలోకి వస్తుంది?

తెలుగులో ‘లెక్క’ అన్న మాటతో రెండు క్రియలున్నాయి. లెక్కపెట్టడం ఒకటి, లెక్కచెయ్యడం ఇంకొకటి. మొదటిది అంకెల పని, రెండోది మర్యాదకు సంబంధించిన పని. ‘వాడు ఎవర్నీ లెక్కచెయ్యడు’ అంటే వాడికి ఎంచడం రాదని కాదు గదా. ఈ రెండూ వేరువేరు విషయాలే అయినా, ఒకదాని వెంట ఇంకొకటి నడుస్తూ ఉంటుంది. దేన్నైనా లెక్కపెట్టాలంటే ముందు ఒక గీత గీసుకోవాలి. గీత లోపల ఉన్నది లెక్కలోకి వస్తుంది, బయట ఉన్నది రాదు. అవసరం కోసం గీసుకున్న ఆ గీత, బయట ఉన్నవాళ్ళను లెక్కచెయ్యకపోవడానికి సాకుగా ఎప్పుడు మారుతుంది? నేను తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న ఇది.

దీనికి కులాలు, పౌరసత్వాలు, పేదరికపు రేఖలు వంటి బరువైన ఉదాహరణలు చాలా ఉన్నాయి. వాటి గురించి మాట్లాడబోతే ప్రశ్న తెగకముందే కోపాలు వచ్చేస్తాయి. అందుకని ఎవరికీ కోపం రాని చోట మొదలుపెడతాను: రోలర్ కోస్టర్లు.

రోలర్ కోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికాలో వాళ్ళు 1978లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. ఎక్కడ ఏ కోస్టర్ ఉంది, ఎత్తెంత, పొడవెంత, ఎవరు కట్టారు, ఎప్పుడు పడగొట్టారు అని ప్రపంచం మొత్తానికి పద్దు రాసే పని ఒకాయన 1996లో మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఈ అభిమానులు తాము ఎక్కినవాటిని లెక్కపెట్టుకుంటారు. ఒక్కో కోస్టర్‌కీ ఒక ‘క్రెడిట్’. ఒకే కోస్టర్ వందసార్లు ఎక్కినా క్రెడిట్ ఒకటే. కొంతమందికి వందలు, కొంతమందికి వెయ్యి పైచిలుకు. లెక్క అన్నాక నిర్వచనం కావాలి. ఏది కోస్టరు, ఏది కాదు అన్న వాదం అక్కడే పుట్టింది.

వాళ్ళు ఒప్పుకునే నిర్వచనం స్థూలంగా ఇది: పట్టా మీద నడవాలి, మనుషులు ఎక్కాలి, ప్రయాణంలో కొంత భాగమైనా బండి తన బరువుతో తాను పోవాలి. ఈ చివరి షరతే ప్రాణం. ‘కోస్ట్’ అంటేనే అది. సైకిలు తొక్కడం ఆపి పల్లంలో వదిలేస్తే పోతుందే, ఆ పోవడం. మా వైపు వాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల ఘాట్ దిగుతున్నప్పుడు, డీజిలు మిగల్చాలని లారీని న్యూట్రల్‌లో వదిలేసే డ్రైవర్లుంటారు. చెయ్యకూడని పనే. కానీ ఆ పది నిమిషాలూ ఆ లారీ చేస్తున్నది కోస్టింగే. ఇంజను ఎక్కించిన ఎత్తును నేల తిరిగి పుచ్చుకుంటూ ఉంటుంది.

ఈ షరతు ప్రకారం, గొలుసుతో పైకి లాగి వదిలేసే బండి కోస్టరే. మొదట్లోనే ఒక్క తోపు తోసి వదిలేసేది కూడా కోస్టరే. న్యూజెర్సీలో 2005లో కట్టిన 456 అడుగుల కింగ్డా కా అలాంటిదే. దాన్ని 2025లో పడగొట్టేశారు. కానీ మొదటి నుంచీ చివరి దాకా మోటారు తిప్పుతూనే ఉండే చిన్న రైలు కాదు. అది ఎత్తు ఎక్కినా, పల్లం దిగినా, పిల్లలు కేకలు వేసినా, అభిమానుల్లో ఎక్కువమంది లెక్కలో కలపరు. కొండ వాలున ఒక్కొక్కరే కూర్చుని బ్రేకు తామే వేసుకుంటూ దిగే బళ్ళున్నాయి. అవి వస్తాయా రావా అన్నది ఇంకా తెగలేదు.

నిర్వచనాల తగువు మనకు కొత్తది కాదు. తర్కశాస్త్రంలో లక్షణానికి మూడు దోషాలు చెబుతారు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదువుకున్న ప్రతివాళ్ళకీ ఆవు ఉదాహరణ గుర్తుంటుంది. కపిల వర్ణం ఉన్నది ఆవు అంటే, తెల్లావులు బయటికి పోతాయి. అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే, బర్రెలు లోపలికి వస్తాయి. అది అతివ్యాప్తి. చీలని డెక్క ఉన్నది ఆవు అంటే, లోకంలో ఒక్క ఆవూ మిగలదు. అది అసంభవం. మెడ కింద గంగడోలు ఉన్నది ఆవు అంటే సరిపోతుంది.

ఈ జల్లెడలో రోలర్ కోస్టర్‌ని వేసి చూద్దాం. ‘కొయ్యతో కట్టినది’ అంటే అవ్యాప్తి, ఉక్కువన్నీ పోతాయి. ‘కడుపులో దేవినట్టు చేసేది’ అంటే అతివ్యాప్తి, జెయింట్ వీల్ వస్తుంది, ఊయల వస్తుంది, త్రిపురాంతకం నుంచి మార్కాపురం పోయే షేర్ ఆటో కూడా వస్తుంది. ‘ఆసాంతం మోటారు బలంతోనే నడిచేది’ అంటే అసంభవం, అభిమానులు కోస్టర్ అనేవాటిలో ఒక్కటీ దొరకదు. ‘బండి తనంతట తాను జారడం’ ఇక్కడ గంగడోలు అన్నమాట.

అయితే ఆవుకీ కోస్టర్‌కీ ఒక తేడా ఉంది. ఆవు మన నిర్వచనం కోసం ఆగలేదు, ముందు నుంచీ ఉంది. కోస్టర్‌ని మనుషులు చేశారు. ఇంకా చేస్తూనే ఉన్నారు, చేసేవాళ్ళకు ఈ నిర్వచనాలన్నీ తెలుసు కూడాను. తెలిసినవాడు గీత మీదే ఇల్లు కట్టుకోగలడు.

కొయ్యా ఉక్కూ సంగతే తీసుకోండి. కోస్టర్లలో మొదటి చీలిక ఇదే. కొత్తవాళ్ళు చూడగానే చెబుతారు, పెద్ద పెద్ద దూలాలతో అల్లినట్టు కనిపిస్తే కొయ్యది, ఉక్కు స్తంభాల మీద నిలబడితే ఉక్కుది అని. అభిమానులు ఒప్పుకోరు. నిలబెట్టిన కట్టడాన్ని బట్టి కాదు, పట్టాని బట్టి చూడాలంటారు. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో 1978 నాటి జెమిని అనే కోస్టర్ ఉంది. కింద అంతా కొయ్య అల్లికే, పైన పట్టా మాత్రం ఉక్కు గొట్టం. కనుక అది ఉక్కుది. సరే, పట్టాని బట్టే అనుకుందాం. కొయ్య కోస్టర్ పట్టా ఎలా ఉంటుంది? పలకల్ని పొరలు పొరలుగా పేర్చి, అన్నిటికన్నా పైన పల్చటి ఉక్కు పట్టీ బిగిస్తారు. అంటే కొయ్య కోస్టర్‌లో కూడా చక్రం తాకేది ఉక్కునే. తేడా అంతా ఆ ఉక్కు దేని మీద ఆనుకుందన్న దాన్లో ఉంది.

డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో 1990లో కట్టిన టెక్సాస్ జెయింట్ అసలు సిసలు కొయ్య కోస్టర్. కాలం గడిచేకొద్దీ కుదుపులు ఎక్కువయ్యాయి. 2011లో పాత కొయ్య కట్టడాన్ని చాలావరకు ఉంచి, పట్టా తీసేసి కొత్త ఉక్కు పట్టా వేశారు. ఇప్పుడు అది ఏది? పాతదానికి మరమ్మతా, కొత్త కోస్టరా? దానికి కొత్త క్రెడిట్ వేసుకోవచ్చా? పట్టా సూత్రం ప్రకారం ఉక్కుదే. కానీ ఎక్కినవాళ్ళకి మనసొప్పలేదు. ‘హైబ్రిడ్’ అని మూడో గది కట్టుకున్నారు. మరి జెమిని సంగతేమిటి? అదీ కొయ్య మీద ఉక్కే కదా? దాన్ని పాత గదిలోనే ఉంచేశారు చాలామంది. రెండింటి నిర్మాణమూ ఒక తీరుదే, గతం వేరు. ఒకటి కొయ్యదిగా పుట్టి మారింది, ఇంకొకటి పుట్టుకతోనే అంత. వస్తువు ఇప్పుడెలా ఉందని మాత్రమే చూస్తున్నామని చెప్పుకుంటూనే, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూస్తున్నారన్నమాట. మనుషుల విషయంలో మనం చేసేదీ ఇదే.

ఎత్తుల్లో ఇంకో వేడుక. 200 అడుగులు దాటితే హైపర్, 300 దాటితే గిగా, 400 దాటితే స్ట్రాటా. 1989లో మాగ్నమ్, 2000లో మిలీనియం ఫోర్స్, 2003లో టాప్ త్రిల్ డ్రాగ్‌స్టర్ ఈ గీతలు ఒక్కొక్కటే దాటాయి. మూడూ సీడార్ పాయింట్‌లోవే. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు. అడుగుల్లో కొలిచేవాళ్ళు వందల్లో ఎంచారు కాబట్టి వచ్చినవి. మీటర్లలో అయితే 200 అడుగులు సుమారు 61, అక్కడ గీత గీయాలని ఎవరికీ తట్టదు. 199 అడుగులకూ 200 అడుగులకూ కడుపులో తేడా తెలిసే మనిషి లేడు. తమాషా ఏమిటంటే, అమెరికాలో 200 అడుగులు దాటే కట్టడాలకు విమానయాన శాఖ నిబంధనలు అడ్డం వస్తాయి. అందుకని కొందరు సరిగ్గా దాని కిందే ఆగుతారు. పెన్సిల్వేనియాలో ఫాంటమ్స్ రివెంజ్ అని ఒకటుంది. దాని మొదటి గుట్ట ఎత్తు 160 అడుగులే. కానీ అది లోయ పక్కన ఉంది కనుక, రెండో దిగుడు లోయలోకి పోయి 220 అడుగులు దాటుతుంది. అది హైపరా, కాదా? నిలువెత్తు చూసేవాళ్ళు కాదంటారు, పడినంత మేర కొలిచేవాళ్ళు అవునంటారు. కుమారగిరి మెట్లు ఎక్కి త్రిపురాంతకేశ్వరుడి గుడి దగ్గర నిలబడి కిందికి చూసేవాళ్ళకి ఇది చప్పున బోధపడుతుంది. గుడి గోపురం ఎత్తు ఒక లెక్క. అక్కడ నిలబడ్డ మనిషి కాళ్ళ కింద ఉన్న పల్లం ఇంకో లెక్క.

ఇక పుట్టుక సంగతి. పెన్సిల్వేనియాలోనే 1827లో బొగ్గు గని నుంచి కిందికి బొగ్గు దింపడానికి ఒక పట్టా వేశారు. బళ్ళు తమ బరువుతోనే కొండ దిగేవి. తర్వాత్తర్వాత బొగ్గు దింపే పని వేరే దారికి పోయింది. సరదా కోసం వచ్చిన మనుషుల్ని అదే పట్టా మీద దింపడం మొదలుపెట్టారు. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో థామ్సన్ కట్టిన స్విచ్‌బాక్ రైల్వేకి అది ప్రేరణ అంటారు. అదే పట్టా, అదే వాలు. బొగ్గు దిగినంతకాలం అది గని సామాను, మనుషులు దిగగానే వినోదం. ఇక్కడ లక్షణం వస్తువులో లేదు, ఎందుకు ఎక్కారన్న దాన్లో ఉంది.

పేర్లు ఇంకో మాట చెబుతాయి. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ వాళ్ళు రోలర్ కోస్టర్‌ని ‘రష్యా కొండలు’ అంటారు, రష్యాలో శీతాకాలం మంచుగడ్డలతో కట్టుకునే జారుడు గుట్టలు గుర్తుగా. రష్యావాళ్ళేమో ‘అమెరికా కొండలు’ అంటారు. ఎవరికి వాళ్ళు అది తమది కాదు, పక్కవాళ్ళదే అనుకున్నారు. మనం పేరు పెట్టే శ్రమ కూడా పడలేదు. రోలర్ కోస్టర్ అనే అంటాం. కానీ తిరునాళ్ళ యంత్రాలకి మనం పెట్టుకున్న పేర్లు చూడండి. పడవ ఆకారంలో ఊగేది కొలంబస్. ఎక్కడి కొలంబస్, ఎక్కడి మార్కాపురం! గిరగిరా తిరుగుతూ కుర్చీలు కూడా తిరిగేది బ్రేక్ డాన్స్. నిలువు చక్రం జెయింట్ వీల్. అడ్డంగా తిరిగే గుర్రాలది రంగులరాట్నం. అయితే మా పెద్దవాళ్ళు నాలుగు తొట్లు కట్టిన నిలువు చక్రాన్ని కూడా రంగులరాట్నమే అనేవాళ్ళు. నిలువా, అడ్డమా అన్నది వాళ్ళకి లక్షణం కాదు. తిరిగింది, రంగులున్నాయి, చాలు. రాట్నం అంటే నూలు వడికేదే కదా. ఒక పనిముట్టు పేరు తెచ్చి ఆటకి పెట్టుకున్నారు. బొగ్గు పట్టా ఆటపట్టా అయినట్టే ఇదీను.

నా మేనకోడలు డాలస్‌లో ఉంటుంది. ఆమె ఇలా లెక్కపెట్టేవాళ్ళలో ఒకతె, నూట ఎనభై దాటాయట. ఒక శివరాత్రికి వచ్చినప్పుడు తిరునాళ్ళలో నడుస్తున్నాం. శ్రీశైలానికి తూర్పు వాకిలి కాబట్టి ఆ రోజు జనానికి కొదవ లేదు. కొండ మీద ఆయన దర్శనం, చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారి దర్శనం చేసుకున్నవాళ్ళంతా చివరికి వచ్చి చేరేది ఈ రాట్నాల దగ్గరికే. అక్కడ ఒక డ్రాగన్ రైలు ఉంది. ముందు పెద్ద నోరు తెరిచిన డ్రాగన్ తల, వెనక ఆరు పెట్టెలు, కోడిగుడ్డు ఆకారంలో పట్టా, ఒక పక్క చిన్న మిట్ట.

“ఎక్కుతావా?” అన్నాను.

“ఎక్కుతా మామయ్యా. కానీ ఇది లెక్కలోకి రాదు.”

“ఎందుకు రాదు?”

“మోటారు ఆగదుగా. మిట్ట దిగేటప్పుడు కూడా తిప్పుతూనే ఉంది, విను.”

నిజమే, వినిపిస్తోంది. టిక్కెట్లు చింపే కుర్రాడు ఈ మాట విని, “ఏంది మేడమ్ లెక్కలోకి రానిది? ముగ్గురికీ డబ్బులు తీసుకున్నాగా!” అన్నాడు. అందరం నవ్వాం. ఆమె ఆ రైలు మూడుసార్లు ఎక్కింది. దిగి, జుట్టు సర్దుకుంటూ, ఇంకోసారి ఎక్కుదామా అన్నట్టు దానివైపే చూసింది. లెక్కకి రాకపోవడం వల్ల ఆమె సరదా ఏమీ తగ్గలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని అవసరం ఉంది.

ఆ పక్కనే జెయింట్ వీల్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయనతో మాట కలిపాను. ఇన్ని రాట్నాలు చూసుంటారు, ఎన్ని రకాలుంటాయి అని అడిగాను. ఆయన నన్ను ఒక క్షణం చూసి, “లారీల లెక్కండీ. మాది మూడు లారీల సరుకు. ఆ చివర ఉందే, అది అయిదు లారీలు” అన్నాడు. విప్పి, ఎక్కించి, దించి, బిగించేవాడికి అదే లక్షణం. మోటార్లు రాకముందు ఎట్టా చెప్పుకునేవాళ్ళని అడిగాను.

“అప్పుడు మనుషుల లెక్క. ఇద్దరి రాట్నం, నలుగురి రాట్నం.”

“ఎక్కేవాళ్ళా?”

“కాదండీ. తిప్పేవాళ్ళు.”

చేత్తో తిప్పే చక్రం ఎలా తిరుగుతుందో చూసినవాళ్ళకి ఈ మాట బరువు తెలుస్తుంది. ‘చేత్తో’ అంటాం గాని నిజానికి ఒంటితో. తిప్పే కుర్రాళ్ళు చక్రం ఊచలు పట్టుకుని కోతుల్లా పైకి పాకుతారు. పైకి పోయి ఒక పక్కన వేలాడతారు. వాళ్ళ బరువుకి ఆ పక్క కిందికి దిగుతుంది. దాంతోపాటే వాళ్ళూ దిగి, నేల దగ్గరికి రాగానే వదిలేసి పక్కకు దూకుతారు. మళ్ళీ పాకుతారు. ఇందాక చెప్పుకున్న నిర్వచనం గుర్తుచేసుకోండి: తన బరువుతో తాను కిందికి పోవడం. ఆ చక్రంలో కోస్ట్ అవుతున్నది ఎవరు? తొట్టిలో కూర్చుని కేకలు వేసేవాళ్ళు కాదు. వాళ్ళను ఇంకొకడి బరువు మోసుకుపోతోంది. ఎత్తు ఎక్కి, బరువుతో జారి, గుండె చిక్కబట్టుకుని నేలకి దిగేది తిప్పేవాడు. రోజుకి కొన్ని వందలసార్లు. వాడికి ఎన్ని క్రెడిట్లు?

అభిమానుల వర్గీకరణలో వాడికి గది లేదు. కొయ్యా ఉక్కూ, ఎత్తు, కూర్చునేదా నిలబడేదా వేలాడేదా, ఎన్నిసార్లు తలకిందులవుతుంది... ఈ విభాగాలన్నీ సీటులో కూర్చున్నవాడి వైపు నుంచి, లేదా బయట నిలబడి కట్టడాన్ని మెచ్చుకునేవాడి వైపు నుంచి చేసినవి. ఎవరు తిప్పుతున్నారు అన్నది వాటిలో ఒక్కదాంట్లోనూ లక్షణం కాదు. ఇది దోషమా? తర్కశాస్త్రం ప్రకారం కాదు. అవ్యాప్తి లేదు, అతివ్యాప్తి లేదు. నిర్వచనం తప్పు కాకుండానే ఒక మనిషి కనిపించకుండా పోయాడు. అన్నంభట్టు చెప్పిన మూడు దోషాలకి నాలుగోది చేర్చాలని నాకనిపించింది ఇక్కడే. దానికి సంస్కృతంలో పేరు పెట్టే సాహసం చెయ్యను. మామూలు మాటల్లో చెప్తే: సరిగ్గానే ఉండి, ఒకణ్ణి లెక్కచెయ్యకపోవడం.

ఫ్రెంచి ఆలోచనాపరుడు రొజే కయ్వా ఆటల్ని నాలుగు తెగలుగా విడదీశాడు, 1958లో వచ్చిన పుస్తకంలో. పోటీ ఒకటి, జూదం ఒకటి, వేషం ఒకటి, కళ్ళు తిరగడం ఒకటి. ఈ నాలుగోదానికి ఆయన గ్రీకులో సుడిగుండానికి ఉన్న మాటను పేరుగా పెట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరగడం నుంచి తిరునాళ్ళ యంత్రాల దాకా అన్నీ అందులోకే వస్తాయి. ఈ విభజన నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఇది ఇనుముని కాక మనసుని చూస్తుంది. కానీ ఆయన ఒక షరతు కూడా పెట్టాడు. ఆట అంటే స్వేచ్ఛగా ఆడేది. ఎవరూ బలవంతం చెయ్యకూడదు. బతుకు దాని మీద ఆధారపడకూడదు.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉంది. దసరా తర్వాతి మంగళవారం, పొడవాటి చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి, పైకి లేపి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. యంత్రం తెలిసినవాడు చూస్తే అదొక మీట, కొసన సీటు. కళ్ళు తిరిగే ఎత్తే. అయినా దాన్ని రైడ్ అనే మనిషి తెలుగుదేశంలో ఉండడు. పూజారి సరదా కోసం కూర్చోలేదు. కింద చేతులెత్తిన లక్షల మంది ఆయన్ని సరదా కోసం చూడటం లేదు. అదే ఎత్తు, అదే ఊపు. ఎందుకు అన్నది మారితే పేరు మారుతుంది. రాట్నం తిప్పే కుర్రాడి సంగతీ అంతే. తొట్టిలో ఉన్నవాడికి కళ్ళు తిరగడం ఆట, ఊచకి వేలాడేవాడికి కళ్ళు తిరగకుండా చూసుకోవడం కూలి. ఒకే చక్రం, ఒకే తిరుగుడు, ఒకే సాయంత్రం. ‘ఇది ఏమిటి’ అన్న ప్రశ్నకి రెండు నిజమైన జవాబులు. వాటిలో ఒక్కటే పేరుగా నిలిచింది, డబ్బిచ్చినవాడిది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ఒక సరదా పిచ్చి మీద ఇంత బరువు మోపడం న్యాయమా? తిప్పేవాణ్ణి లెక్కపెట్టకపోతే అభిమానులు అన్యాయం చేసినట్టా? చెయ్యలేదు. నిజానికి నిర్వచనాల విషయంలో వాళ్ళు మనకు నేర్పేవి మూడున్నాయి. ఒకటి, తమ గీత ఏదో, ఎందుకు గీశారో పైకి చెబుతారు. రెండు, గీత మీద తగువుంటే వాదించుకుంటారు. ఓడినవాడి కూడు పోదు, ఎవడి లెక్క వాడి దగ్గర ఉంటుంది. మూడోది ముఖ్యం. లెక్కలోకి రానిదాన్ని వాళ్ళు చిన్నచూపు చూడక్కర్లేదు. డ్రాగన్ రైలు మూడుసార్లు ఎక్కొచ్చు. లెక్కపెట్టకుండానే లెక్కచెయ్యొచ్చు.

ఈ మూడు షరతులూ లేనిచోట గీత ఏం చేస్తుందో మా ప్రాంతంవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లా. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. రెండేళ్ళకి దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ ఒక్క గీతతో మేం ‘కోస్తా’ అయిపోయాం. త్రిపురాంతకం నుంచి సముద్రం చూడాలంటే సుమారు వంద కిలోమీటర్లు పోవాలి. నల్లమల అడవి పక్కనే. వాన తక్కువ, బోరు నీళ్ళలో ఫ్లోరైడు, పొలం పండకపోతే పలకల గనికో బేల్దారి పనికో వలస. నేల చూస్తే సీమ, కాగితం చూస్తే కోస్తా. సీమవాళ్ళ సభల్లో ‘మీరు కోస్తా కదా’ అంటారు. కోస్తా పెళ్ళిళ్ళలో మా మాట విని ‘మీది సీమా?’ అంటారు. జెమిని లాంటి బతుకు, కింద ఒకటి, పైన ఒకటి. అయితే కోస్టర్‌కి హైబ్రిడ్ అని మూడో గది కట్టినంత తేలిగ్గా మనుషులకి కట్టరు. ఎందుకంటే ఇక్కడ గదిని బట్టి నిధులుంటాయి, నీళ్ళుంటాయి. జిల్లా సగటు తీసినప్పుడల్లా తీరం పక్కన పడ్డ వాన మా ఖాతాలో కూడా పడేది. సగటులో తడిసినంత మాత్రాన చేను తడవదు. లెక్కలోకి వచ్చాం, లెక్కచెయ్యబడలేదు. రెండు క్రియల మధ్య దూరం అంత.

రాట్నాల దగ్గర కూడా ఇదే జరుగుతుంది, ఇంకా ప్రమాదకరంగా. ఒక తిరునాళ్ళలో ఇచ్చిన అనుమతి కాగితం చూశాను. దుకాణాలు ఇన్ని, తినుబండారాల బళ్ళు ఇన్ని, ‘ఆటలు’ ఇన్ని అని ఉంది. యాభై అడుగుల చక్రమూ, బెలూన్లు తుపాకీతో కొట్టేదీ ఒకే వరసలో, ఒకే మాట కింద. అతివ్యాప్తి అంటే ఏమిటో పిల్లలకి చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఈ యంత్రాల భద్రత మీద భారతీయ ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా ప్రమాణాలు రాసిపెట్టింది. వాటి అవసరం పడాలంటే ముందు అది ‘ఆట’ కాదు, ‘యంత్రం’ అని ఎవరో ఒకరు అనాలి. పార్కులో కాంక్రీటు పునాది మీద ఏళ్ళ తరబడి నిలబడే కోస్టర్ వేరు, ఊరూరా విప్పి బిగించే చక్రం వేరు. అభిమానుల పద్దులో ఇది పక్కన రాసుకునే చిన్న వివరం. నట్లు బిగించేవాడికి ఇదే మొదటి లక్షణం. ప్రమాదం ఎక్కువగా దూరేది ఆ విప్పడం, బిగించడం దగ్గరే. ఆ పెద్దాయన లారీల లెక్క మోటుగా వినిపించింది గాని, భద్రత చూసేవాళ్ళకి కావలసిన వర్గీకరణ దాదాపు అదే. ఎన్ని ముక్కలు, ఎన్ని అతుకులు, ఎంతమంది చేతుల మీదుగా వచ్చింది. తెలిసినవాడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, గళ్ళు గీసినవాడు అతన్ని అడగలేదు.

మా ఊరి పేరులో ఉన్న కథలో మూడు పురాలున్నాయి. ఒకటి బంగారం, ఒకటి వెండి, ఒకటి ఇనుము. ఆకాశంలో వేరువేరుగా తిరుగుతుంటాయి. ఏ లోహంతో చేశారన్నదే వాటి మధ్య తేడా, కోస్టర్లకు కొయ్యా ఉక్కూ లాగ. అవి ఎప్పుడో ఒక్క క్షణం ఒక వరసలోకి వస్తాయి. అప్పుడు శివుడు ఒకే బాణంతో మూడింటినీ కాల్చేస్తాడు. ఈ కథని చాలామంది చాలా రకాలుగా చెబుతారు. నాకు తోచేది ఇది: లోహాల తేడా మనకి ఎంత ముఖ్యమైనా, బాణానికి కాదు. రాట్నం తెగిపడితే తొట్టిలో ఉన్నవాడికీ ఊచకి వేలాడేవాడికీ మధ్య మనం గీసిన గీత ఆ క్షణంలో ఉండదు. అది మళ్ళీ మర్నాడు, పరిహారం జాబితా రాసేటప్పుడు పుడుతుంది.

కాబట్టి నిర్వచనాలు మానేద్దామా? అలా అనడం తేలిక, కుదిరేది కాదు. గీత లేకుండా లెక్క లేదు, లెక్క లేకుండా బాధ్యతా లేదు. ‘అన్నీ ఒకటే’ అనే కాగితమే కదా చక్రాన్నీ బెలూన్లనీ ఒక వరసలో కూర్చోబెట్టింది. నేను చెప్పేది వేరు. ఒక నిర్వచనాన్ని తర్కంతో పరీక్షించాక, ఇంకొక ప్రశ్న అడగాలి. గీత బయట ఉన్నవాణ్ణి మనం తర్వాత ఏం చేస్తాం? లెక్కలోకి రానిదాన్ని మూడుసార్లు ఎక్కగలిగితే ఆ గీత వల్ల ఎవరికీ నష్టం లేదు. లెక్కలోకి రానివాడికి నీళ్ళు రాకపోయినా, పరిహారం రాకపోయినా, వాడి చేతిలోని స్పానర్ గురించి ఎవరూ అడగకపోయినా, ఆ గీత తర్కానికి ఎంత చక్కగా నిలిచినా మళ్ళీ గీయాలి. గీయడానికి వాణ్ణి కూడా పిలవాలి.

పెద్ద పని కాదు. తిరునాళ్ళ కాగితంలో ‘ఆటలు ఎన్ని’ అన్న గడి పక్కన ఇంకో గడి చాలు: తిప్పేవాళ్ళు ఎందరు, బిగించేవాళ్ళు ఎవరు. ఆ గడి నింపడానికైనా ఎవరో ఒకరు వెళ్ళి వాళ్ళని అడగాల్సి వస్తుంది.